కొత్త హైస్కోరు: ఆ ఒక్క అంకె వెనక జరిగే పని

అందరికీ నమస్కారం. పజిల్ గేములు రాసేవాళ్లు, రాద్దామనుకుంటున్నవాళ్లు, కేవలం ఆడేవాళ్లు, అందరూ ఉన్నట్టున్నారు. ఈ రోజు నేను మాట్లాడబోయేది గేము తయారీలో అందరూ చివరికి నెట్టేసే భాగం గురించి. గ్రాఫిక్స్ అయిపోయాయి, సౌండ్ అయిపోయింది, రేపు విడుదల. అప్పుడు ఎవరో అడుగుతారు, "అవునూ, హైస్కోరు పెట్టామా?" అని. సరిగ్గా దాని గురించే.

"ఇందులో ఏముందండీ, మూడు లైన్ల కోడ్" అంటారు. ఇప్పుడొచ్చిన స్కోరు పాతదానికంటే ఎక్కువా? అయితే దాన్ని రాసిపెట్టు. అంతే కదా? కానీ చూడండి, ఆ ఒక్క మాటలో ఎన్ని ప్రశ్నలున్నాయో. స్కోరు అంటే ఏమిటి? ఎక్కువ అంటే ఏ లెక్కన ఎక్కువ? పాతది ఎక్కడుంది? రాసిపెట్టడం ఎప్పుడు, ఎక్కడ, ఎవరి పేరు మీద? గంటసేపు ఒళ్లు మరిచి ఆడి, తన రికార్డు తనే దాటిన మనిషి మర్నాడు గేము తెరిచేసరికి అక్కడ సున్నా కనిపిస్తే ఏమవుతుంది? ఆ గేము ఇక తెరవడు. తెరవకపోవడం న్యాయం కూడా. హైస్కోరు అనేది గేము ఆటగాడికి ఇచ్చే మాట. నువ్వు చేసింది నేను గుర్తుపెట్టుకుంటాను, ఇంకొకరు దొంగదారిన నీ పైకి ఎక్కకుండా చూస్తాను అనే మాట. ఇవాళ నేను చెప్పేదంతా ఆ మాట నిలబెట్టుకోవడం ఎలా అన్నదే.

ముందు స్కోరు సంగతి చూద్దాం. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ టెట్రిస్ రాశారు, అది అందరికీ తెలుసు. పైనుంచి పడే ముక్కలను పేర్చి, నిండిన వరసలను చెరిపే ఆట. నింటెండో తన ఎన్ఈఎస్ మీద, అంటే టీవీకి తగిలించి ఆడే గేము పెట్టె మీద, 1989లో తెచ్చిన టెట్రిస్‌ను తీసుకుందాం. అందులో ఒక వరస చెరిపితే 40 పాయింట్లు. రెండు ఒకేసారి చెరిపితే 100. మూడైతే 300. నాలుగూ ఒకేసారి చెరిపితే 1200. దీన్ని లెవెల్‌కు ఒకటి కలిపి దాంతో గుణిస్తారు. ఇప్పుడు లెక్క వేయండి. సున్నా లెవెల్లో నాలుగు వరసల్ని విడివిడిగా చెరిపితే ఎంత? 160. ఒకేసారి చెరిపితే? 1200. ఏడున్నర రెట్లు! చెరిపింది అవే నాలుగు వరసలు. మరి ఎందుకంత తేడా? నాలుగు వరసలు పేర్చుకుంటూ, పొడవాటి ముక్క కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఎదురుచూడటంలో రిస్కుంది. ఆ రిస్కుకు ఇచ్చిన ధర అది. అంటే స్కోరు పట్టిక రాసిన మనిషి, ఎలా ఆడాలో కూడా ఆటగాడికి చెప్పేశాడన్నమాట. అందుకే స్కోరు సూత్రాన్ని చివరి రోజున తోచిన అంకెలతో నింపకండి.

2048 కూడా చాలామంది ఆడే ఉంటారు. గాబ్రియేలె చిరుల్లి 2014 మార్చిలో విడుదల చేసిన గేము. అందులో రెండు పలకలు కలిసి కొత్త పలక పుడితే, ఆ కొత్త పలక మీద ఉన్న అంకే మీ స్కోరుకు కలుస్తుంది. రెండు 8లు కలిసి 16 అయితే 16 పాయింట్లు. ఇంత సులువైన సూత్రం కాబట్టే దీనికి ఒక గొప్ప సౌలభ్యం ఉంది. దాని దగ్గరకు తర్వాత వస్తాను, గుర్తుపెట్టుకోండి.

ఇక మైన్‌స్వీపర్, దాగున్న బాంబులను తప్పించుకుంటూ గళ్లు తెరిచే ఆట. ఇక్కడ పాయింట్లు లేవు, సెకన్లున్నాయి. తక్కువ ఉన్నవాడే గొప్ప. ఇది చిన్న తేడాలాగే కనిపిస్తుంది. కానీ పాయింట్ల గేముకు రాసిన కోడ్‌ను తెచ్చి, పోలిక గుర్తు ఒక్కటి తిప్పేసి, మొదటి రికార్డు మాత్రం సున్నాగానే వదిలేస్తే? సున్నా సెకన్ల కంటే తక్కువలో ఎవరు ముగించగలరు? ఎంత బాగా ఆడినా "కొత్త రికార్డు" అనే మాట జన్మలో రాదు. పాత విండోస్ మైన్‌స్వీపర్‌లో మొదటిసారి రికార్డుల పెట్టె తెరిస్తే మూడు స్థాయిల్లోనూ 999 సెకన్లు అని, పక్కన అనామకుడు అన్న అర్థం వచ్చే పేరుతో కనిపించేది. ఆ 999 అలంకారం కాదండీ. గడియారం అంతకు మించి లెక్కపెట్టదు, అంటే అదే అన్నిటికంటే చెత్త టైము. ఎవరు ముగించినా దాన్ని దాటాల్సిందే. ఇంకా శుభ్రమైన పద్ధతి ఒకటుంది: ఇంకా రికార్డే లేదు అనే స్థితిని విడిగా గుర్తించడం. సున్నా వేరు, లేకపోవడం వేరు. కోడ్‌లో ఆ రెండిటినీ ఒకటి చేయకండి.

టైము లెక్కించే గేములు రాసేవాళ్లకు ఇంకో మాట. కంప్యూటర్లో తేదీ, సమయం చూపించే గడియారాన్ని నమ్ముకోకండి. దాన్ని ఆటగాడు వెనక్కి తిప్పగలడు. ఎవరూ తిప్పకపోయినా, ఇంటర్నెట్ నుంచి సరైన టైము తెచ్చుకుని అదే సర్దుకోగలదు. ఆట మధ్యలో అలా సర్దుకుంటే 40 సెకన్ల ఆట 38 అవుతుంది, 45 కూడా కావచ్చు. ప్రతి ఆపరేటింగ్ సిస్టంలోనూ ముందుకు మాత్రమే నడిచే గడియారం ఒకటి ఉంటుంది. దాన్ని వాడండి.

అంకె ఎంత పెద్దదవుతుంది?

ఇప్పుడు కాస్త లోపలికి వెళ్దాం. నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. ఎన్ఈఎస్ టెట్రిస్ స్కోరుకు ఆరంకెల చోటే ఉంది. 9,99,999 దగ్గర ఆగిపోతుంది. ఎందుకు ఆరు? స్కోరును మూడు బైట్లలో దాచారు, ఒక్కో బైటులో రెండు దశాంశ అంకెలు. మామూలుగా కంప్యూటర్ దాచుకునే బైనరీ పద్ధతిలో కాదు, మనం కాగితం మీద రాసే అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా ఒక్కొక్కదాన్ని నాలుగేసి బిట్లలో పెట్టారు. దీనివల్ల తెర మీద చూపించడం తేలిక, భాగహారాలు చేయక్కర్లేదు. కానీ కూడిక కష్టం. ఆ తరహా కూడిక తనంతట తాను చేసే సదుపాయం, ఏ ప్రాసెసర్ కుటుంబం నుంచి ఎన్ఈఎస్ చిప్ వచ్చిందో అందులో ఉంది. ఎన్ఈఎస్ చిప్‌లో మాత్రం అది పనిచేయదు. కాబట్టి 9 దాటితే పక్క స్థానానికి ఒకటి మోసుకెళ్లడం దగ్గర్నుంచి అంతా ప్రోగ్రామే చేసుకోవాలి.

పైగా గుణకారం అన్నాను కదా, లెవెల్‌కు ఒకటి కలిపి గుణించడం? ఆ చిప్‌కు గుణకారం రాదు. అందుకని ఆ పాయింట్లనే అన్నిసార్లు కూడుతుంది. లెవెల్ 5లో అయితే ఆరుసార్లు. లెవెల్ 18లో పంతొమ్మిదిసార్లు. ఆ రోజుల్లో ఎవరూ అంతకుమించి చాలా దూరం వెళ్తారని అనుకోలేదు, లెవెల్ 29 నుంచి ముక్కలు పడే వేగం మనిషి చేతికి అందదనుకున్నారు. కానీ ఆటగాళ్లు ఊరుకుంటారా? కంట్రోలర్ పట్టుకునే పద్ధతే మార్చారు, ఏళ్ల తరబడి సాధన చేశారు. 2023 డిసెంబరు 21న అమెరికాలో ఓక్లహోమాకు చెందిన 13 ఏళ్ల కుర్రాడు లెవెల్ 157 దాకా వెళ్లాడు. అక్కడ గేమే చేతులెత్తేసింది, తెర స్తంభించిపోయింది. ఎందుకో తెలుసా? తెర మీద బొమ్మ సెకనుకు సుమారు 60 సార్లు మారుతుంది, ఒక్కో మార్పు ఒక ఫ్రేము. ఒక్కో ఫ్రేములో చేయాల్సిన పనులన్నీ ఆ ఫ్రేములోనే ముగియాలి. అంత పై లెవెల్లో ఈ స్కోరు కూడికలే వంద పైచిలుకు సార్లు నడవాలి. ఆ పని వేళకు తెమలక ప్రోగ్రాం దారి తప్పింది. అంటే మొత్తం ఆటలో మొదట కుప్పకూలింది బొమ్మల కోడ్ కాదు, సంగీతం కోడ్ కాదు. స్కోరు కలిపే కోడ్! 34 ఏళ్ల కిందట రాసిన నాలుగు లైన్లను ఒక కుర్రాడు దాని అంచు దాకా తీసుకెళ్లి చూపించాడు. ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మనకిప్పుడు అంత ఇరుకు లేదు. అయినా హద్దులు ఉన్నాయి. 16 బిట్లలో పెడితే 65,535 దాటగానే అంకె మళ్లీ సున్నాకు తిరుగుతుంది. ధన, రుణ గుర్తు ఉండే 32 బిట్ల సంఖ్యకు 2,14,74,83,647 హద్దు, అది దాటితే రుణ సంఖ్య అయిపోతుంది. అద్భుతంగా ఆడినవాడు పట్టికలో అట్టడుగున కనిపిస్తాడు. మీ సూత్రంలో గుణకారాలు, కాంబోలు ఉంటే, చేతనైన అత్యుత్తమ ఆటగాడికి ఎంత రావచ్చో ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూడండి. ఐదు నిమిషాల పని.

ఇంకొకటి, ఇది చూస్తే చాలా చిన్న విషయం, కానీ బ్రౌజర్ గేముల్లో ఇది పదేపదే తగిలే తప్పు. బ్రౌజర్లో లోకల్ స్టోరేజ్ అని ఉంది కదా, మనం దాచిన విలువలు బ్రౌజర్ మూసినా ఉండిపోయే చోటు. 2048 తన బెస్ట్ స్కోరును అక్కడే దాస్తుంది. కానీ ఆ చోటు ఏది ఇచ్చినా అక్షరాలుగానే దాస్తుంది. మీరు 1000 అనే సంఖ్య పెట్టారు, తిరిగి తీస్తే 1, 0, 0, 0 అనే నాలుగు అక్షరాలు వస్తాయి. ఇప్పుడు రెండు పక్కలా అక్షరాలే ఉంటే పోలిక నిఘంటువు వరసలో జరుగుతుంది. 900 ముందు 9 ఉంది, 1000 ముందు 1 ఉంది. కాబట్టి 900 పెద్దది! 1000 తెచ్చుకున్న ఆటగాడు మళ్లీ ఆడి 900 తెచ్చుకుంటే "కొత్త హైస్కోరు" అని అభినందనలు చెప్పి, పాత వెయ్యిని చెరిపేస్తుంది. వందల్లో పరీక్షించి చూసినంతసేపు ఇది బయటపడదు. అంకెల సంఖ్య మారినప్పుడే బయటపడుతుంది. తీసిన వెంటనే సంఖ్యగా మార్చండి, అప్పుడు పోల్చండి.

ఎక్కడ దాచాలి, ఎప్పుడు దాచాలి

1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ అనే, నాణెం వేసి ఆడే మిషన్ గేములో తెర పైన ఒక హైస్కోరు అంకె ఉండేది. పేరు లేదు, అంకె మాత్రమే. మిషన్ ఆపేస్తే అదీ పోయేది. 1979లో ఆస్టరాయిడ్స్ వచ్చేసరికి మూడక్షరాల పేరు పెట్టుకునే వీలొచ్చింది. 1981లో అటారీ తెచ్చిన సెంటిపీడ్‌లో కరెంటు పోయినా చెరగని చిప్ పెట్టి, మొదటి మూడు స్కోర్లు అందులో దాచారు. మూడే ఎందుకంటే ఆ చిప్‌లో చోటు అంత తక్కువ. ఎన్ఈఎస్ టెట్రిస్‌లో మాత్రం ఆ ఏర్పాటు లేదు, బ్యాటరీ లేదు. స్విచ్ ఆపగానే మీరు కష్టపడి సంపాదించిన రికార్డు గల్లంతయి, గేముతో పాటు వచ్చిన 10,000, 7,500, 5,000 మళ్లీ ప్రత్యక్షమవుతాయి. అందుకే అప్పటి ఆటగాళ్లు టీవీ తెరను ఫొటో తీసి దాచుకునేవారు.

ఖాళీ పట్టిక బదులు ముందే కొన్ని స్కోర్లు నింపడం మంచి ఆలోచనే. కొత్తగా వచ్చినవాడికి ఎక్కాల్సిన మెట్లు కనిపిస్తాయి. మొదటి మెట్టు మాత్రం రెండో మూడో ఆటకే అందేలా ఉండాలని నా అభిప్రాయం.

కంప్యూటర్లో దాచే చోటు సమస్య కాదు. 1992లో విండోస్ 3.1తో వచ్చిన మైన్‌స్వీపర్ ఒక మామూలు అక్షరాల ఫైల్లో దాచింది, తర్వాతి విండోస్‌లలో రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు పెట్టుకునే చోట, దాచింది. రెండూ ఎవరైనా తెరిచి మార్చేయగలిగేవే. సొంత కంప్యూటర్లో ఒక్కడే ఆడుకునే గేముకు అది తప్పేమీ కాదు, తనను తానే మోసం చేసుకునేవాడిని మనం ఆపక్కర్లేదు. కానీ పదిమంది వాడే యూనిక్స్ మిషన్ల మీద పరిస్థితి వేరు. అక్కడ స్కోర్ల ఫైలు అందరికీ ఉమ్మడి. దానికో చక్కటి పద్ధతి కనిపెట్టారు. ఆ ఫైల్లో నేరుగా రాసే హక్కు ఏ ఆటగాడికీ ఉండదు. గేము ప్రోగ్రాముకు మాత్రం, అది నడుస్తున్నంతసేపు, గేమ్స్ అనే గుంపు హక్కు వస్తుంది. అంటే గేము ఆడితేనే పట్టికలోకి ఎక్కగలరు, ఎడిటర్‌తో తెరిచి ఎక్కలేరు. ఇద్దరు ఒకే క్షణంలో ఆట ముగిస్తే ఒకరిది ఇంకొకరు తుడిచేయకుండా ఫైలుకు తాళం వేసి, ఒకరి తర్వాత ఒకరు రాసేలా చూశారు. ఈ రోజు సర్వర్ల మీద మనం చేసే పనికి బీజం అదే.

మరి ఎప్పుడు దాచాలి? "ఆట ముగిశాక" అంటారు అందరూ. ఆట ముగియకపోతే? కరెంటు పోతే? ఫోన్లో కాల్ వచ్చి, ఆపరేటింగ్ సిస్టం మీ గేమును వెనక నుంచి చంపేస్తే? 2048 ఈ విషయంలో ఆదర్శం. ప్రతి కదలిక తర్వాతా బెస్ట్ స్కోరు దాటిందేమో చూసి వెంటనే రాసేస్తుంది, బోర్డు మొత్తాన్ని కూడా దాస్తుంది. మధ్యలో మూసేసినా మీరు వదిలిన చోటే మళ్లీ తెరుచుకుంటుంది.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. పాత ఫైలు మీదే నేరుగా రాయడం మొదలుపెట్టి, సగంలో కరెంటు పోతే రెండిటికీ చెడతాం. పాతదీ పోయింది, కొత్తదీ రాలేదు. కాబట్టి పక్కన వేరే పేరుతో కొత్త ఫైలు పూర్తిగా రాయండి, డిస్కు మీదకు వెళ్లిందని రూఢి చేసుకోండి, అప్పుడు పాత ఫైలు స్థానంలోకి పేరు మార్చండి. ఏ క్షణంలో ఆగిపోయినా పాతదో కొత్తదో ఒకటి నిక్షేపంగా ఉంటుంది.

పట్టికలో చేర్చడం గురించి వేగంగా చెప్పేస్తాను. పది వరసల పట్టిక, పెద్దది పైన. కొత్త స్కోరు ఎక్కడ చేరుతుందో చూసి అక్కడ పెట్టి, కిందివాటిని ఒక్కో మెట్టు దించి, పదకొండోదాన్ని తీసేస్తాం. సమానమైన స్కోరు వస్తే? నా మట్టుకు నాకు ముందు సాధించినవాడే పైన ఉండాలి. వెనక వచ్చినవాడు సమం చేశాడు, దాటలేదు. "పెద్దది" అని రాయాల్సిన చోట "పెద్దది లేదా సమానం" అని రాస్తే ఈ న్యాయం తలకిందులవుతుంది. మరో మాట, పట్టికలో చోటు దక్కిందని తేల్చుకున్నాకే పేరు అడగండి. పేరంతా టైపు చేయించుకుని "మీకు చోటు లేదు" అనడం ఏం మర్యాద?

ఏ పట్టికలో చేర్చాలనేది ఇంకా ముఖ్యం. స్థాయిని బట్టి వేరు పట్టిక, హింట్లు వాడితే వేరు, వెనక్కి తీసుకునే బటన్ వాడితే వేరు. వీటన్నిటినీ కలిపేస్తే ఆ పట్టికకు అర్థం లేదు. అప్‌డేట్లో స్కోరు సూత్రం మార్చారా? అయితే కొత్త పట్టిక మొదలుపెట్టి, పాతదాన్ని అలాగే భద్రంగా ఉంచండి. అదృష్టం సంగతి కూడా ఉంది. మైన్‌స్వీపర్‌లో కొన్ని బోర్డులు సులువుగా తెరుచుకుంటాయి, కొన్ని అస్సలు తెరుచుకోవు. అందుకే ఆ ఆటను ప్రాణంగా ఆడేవాళ్లు, బోర్డును తేల్చడానికి కనీసం ఎన్ని క్లిక్కులు అవసరమో లెక్కకట్టే త్రీబీవీ అనే కొలత పెట్టుకున్నారు. టైముతో పాటు, సెకనుకు అందులో ఎంత పూర్తయిందో కూడా చూస్తారు. పోటీ పెట్టదలిస్తే ఇంకా తేలికైన దారి, ఆ రోజుకు అందరికీ ఒకే పజిల్ ఇవ్వడం.

ఇక ఆన్‌లైన్. ఇక్కడే అసలు టెన్షన్. ఆటగాడి ఫోన్ నుంచి సర్వర్‌కు ఒక సందేశం వస్తుంది: నా స్కోరు 5 లక్షలు. నమ్మాలా? ఆ సందేశం గేమే పంపిందని ఏమిటి గ్యారంటీ? "రహస్య కీతో సంతకం చేస్తాం" అంటారు. ఆ కీ ఎక్కడుంది? గేములోనే కదా, గేము ఆటగాడి చేతిలోనే కదా! తాళం వేసి చెవిని గుమ్మానికే తగిలించినట్టు. మామూలువాళ్లను ఆపుతుంది, పట్టుదల ఉన్నవాడిని ఆపదు.

అయితే పజిల్ గేములకు ఒక వరం ఉంది. షూటింగ్ గేములకు అంత తేలిగ్గా దొరకని వరం. ఆట మొత్తాన్ని కొద్ది చోటులో తిరిగి చెప్పగలం. యాదృచ్ఛిక సంఖ్యలకు మూలమైన ఒక విత్తు సంఖ్య, ఆటగాడి కదలికల వరస, గేము వెర్షన్, ఈ మూడూ ఉంటే సర్వర్ అదే ఆటను మొదటి నుంచి చివరి దాకా తనే ఆడి చూడగలదు. వచ్చిన స్కోరు సరిపోయిందా, పట్టికలోకి. సరిపోలేదా, బుట్టలోకి. ఆటగాడు చెప్పిన అంకెను అసలు వాడనే వాడం, మనం లెక్కించిందే వాడతాం. విత్తును కూడా సర్వరే ఇవ్వాలి, లేకపోతే అనుకూలమైనది దొరికేదాకా ఏరుకుంటారు.

అంతకుముందే ఒక చిన్న జల్లెడ పట్టొచ్చు. 2048 సూత్రం గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఇప్పుడు దానితో పనుంది. 4 పలక తయారుకావడానికి 4 పాయింట్లు. 8కి రెండు 4లు, వాటికి 8 పాయింట్లు, తనకు 8, మొత్తం 16. 16 పలకకు 48. ఇలా పైకి వెళ్తే అన్నీ 2లతో కట్టిన 2048 పలకకు 20,480. ఆట మధ్యలో నేరుగా 4 పలక ప్రత్యక్షమైతే ఆ 4 పాయింట్లు రావు, స్కోరు కాస్త తగ్గుతుందే తప్ప పెరగదు. కాబట్టి చివరి బోర్డు చూస్తే చాలు, గరిష్ఠంగా ఎంత రావచ్చో తెలిసిపోతుంది. బోర్డు మీద 1024, 512, 256 అలా 2 దాకా ఒక్కొక్కటే ఉన్నాయనుకోండి, మొత్తం 16,388కి మించడానికి వీల్లేదు. ఎవరైనా ఆ బోర్డుతో 20,000 అని పంపితే? రెండో ఆలోచన అక్కర్లేదు.

కదలికలు సరైనవే కానీ ఆడింది మనిషి కాదు, ప్రోగ్రాం అనుకోండి. ఇది కష్టమైన ప్రశ్న. కదలికల మధ్య వ్యవధులు చూస్తే కొంత తెలుస్తుంది, పూర్తిగా తెలియదు. మైన్‌స్వీపర్ ప్రపంచ ర్యాంకింగుల్లో ఒట్టి టైము చెప్తే ఒప్పుకోరు, అనుమతించిన ప్రోగ్రాములో ఆడి, ప్రతి మౌస్ కదలికా ఉన్న రికార్డింగ్ పంపాలి. మీ గేములో కనీసం మొదటి వంద మంది రికార్డింగులు దాచి, ఎవరైనా చూడగలిగేలా పెట్టండి. దొంగ ఆటను పట్టుకోవడంలో తోటి ఆటగాళ్ల కంటే గట్టివాళ్లు లేరు. పైగా గొప్ప ఆటను చూసి నేర్చుకునే అవకాశం మిగతావాళ్లకు దొరుకుతుంది.

లక్షల మంది ఉంటే "నా ర్యాంకు ఎంత" అన్న ప్రశ్నకు జవాబివ్వడం కూడా పనే. నాకంటే ఎక్కువ స్కోరున్నవాళ్లు ఎందరో లెక్కపెట్టి ఒకటి కలపాలి, అదే ర్యాంకు. ప్రతిసారీ అందరినీ లెక్కపెడితే సర్వర్ చతికిలపడుతుంది. రెడిస్ లాంటి డేటాబేసుల్లో ఎప్పుడూ వరసలోనే ఉండే జాబితా ఉంటుంది, అందులో ర్యాంకు వెతకడం చిటికెలో పని. కొత్త విలువ పాతదానికంటే పెద్దదైతేనే మార్చు అనే ఆదేశం కూడా 6.2 వెర్షన్ నుంచి ఉంది. పోల్చడం, రాయడం రెండూ ఒకే దెబ్బలో జరుగుతాయి కాబట్టి మధ్యలో ఇంకొకరు దూరే సందు ఉండదు. తెర మీద మాత్రం మొదటి పదిమందితో సరిపెట్టకండి. 48,000వ స్థానంలో ఉన్నవాడికి తన పైనున్న ఐదుగురు, కిందున్న ఐదుగురు కనిపించాలి. ఇంకో 200 పాయింట్లు తెస్తే ఒక మెట్టు ఎక్కుతానని తెలిస్తే మళ్లీ ఆడతాడు.

చివరగా, ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఒకే మనిషి ఆడితే. రెండూ నెట్ లేకుండా కొన్నాళ్లు నడిచి, తర్వాత కలిశాయి. ఏది నిలవాలి? తాజాగా రాసినది నిలవాలంటే, ఫోన్లో నిన్న వచ్చిన 800, కంప్యూటర్లో మొన్న వచ్చిన 1,500ని మింగేస్తుంది. బెస్ట్ స్కోరు విషయంలో ఎప్పుడూ రెండిట్లో పెద్దది తీసుకోండి. ఏ వరసలో కలిపినా, ఎన్నిసార్లు కలిపినా జవాబు మారదు. ఆడిన మొత్తం ఆటలు, మొత్తం పాయింట్లు లాంటి కూడికలకు ఇది పనికిరాదు. అక్కడ ప్రతి ఆటకూ ఒక ప్రత్యేక గుర్తు సంఖ్య ఇచ్చి, ఒకే ఆట రెండుసార్లు లెక్కలోకి రాకుండా చూడాలి. రికార్డులన్నీ చెరిపేసే బటన్ పెడితే, ఆ చెరిపిన సంగతి కూడా రెండో పరికరానికి చేరాలి. లేకపోతే పెద్దది తీసుకునే నియమం పుణ్యమా అని చెరిపిన స్కోరు మర్నాడు తిరిగొచ్చి కూర్చుంటుంది.

నేను చెప్పదలిచింది ఇంతే. ఇక మీ ప్రశ్నలు అడగండి. ముఖ్యంగా ప్రస్తుతం గేము రాస్తున్నవాళ్లు, మీ స్కోరు సూత్రం ఏమిటో చెప్పండి, కలిసి చూద్దాం.